డైనో కాగితమూ, లాగ్‌బుక్కూ

గత సంచికలో బాయిలరు నీటి శుద్ధి గురించి మేము వ్రాసినది చదివి, "పగలంతా మావారు ప్లాంటులో ఉంటారు, సాయంత్రం మీ శీర్షిక ప్లాంటును ఇంటికి తెస్తుంది" అని ఒక సహోద్యోగి సతీమణి చమత్కరించారు. ఆ మాట మాకు తగిలింది. అందుచేత ఈసారి గేటు దాటి బయటకు వెళదాము. ఎంతో దూరం కాదు. తాపీ నదీముఖానికి ఉత్తరాన హజీరా ఉన్నది కదా, దక్షిణాన ఉన్న డుమస్ వరకే.

ఇతర యూనిట్లలోని పాఠకుల కోసం రెండు మాటలు. డుమస్ సూరత్ నగరానికి నైరుతి దిక్కున, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రతీరం. ఇనుము పాలు ఎక్కువగా ఉన్న ఖనిజాల వల్ల అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. ఒకప్పుడు అది శ్మశానవాటిక అనీ, రాత్రివేళ అక్కడ దయ్యాల గుసగుసలు వినబడతాయనీ ప్రచారం ఉన్నది. మాకు ఎన్నడూ వినబడలేదు. వేడివేడి టమాటా భజియాలు వేగుతున్న చప్పుడు మాత్రం ఎన్నోసార్లు విన్నాము. ఆదివారం సాయంత్రం ఇక్కడి తెలుగు కుటుంబాలు, ప్లాంటు కాలనీల వారు, నేతమిల్లుల్లో పనిచేసేందుకు తెలంగాణ జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన వారు, అందరూ అక్కడే కలుసుకుంటారు.

ఏప్రిల్ నెలలో అటువంటి ఒక ఆదివారం మా మిత్రుడొకరు, మెకానికల్ మెయింటెనెన్సు విభాగంలో పనిచేసినవారే, భజియాల పొట్లం మా చేతిలో పెట్టి, దానితోపాటు ఒక రంగుల కాగితం కూడా పెట్టారు. ఆయన కుమారుడు ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్నాడు. ఇంట్లో ఉన్నది ఒక లీటరు, మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు కారు. కంపెనీ చెప్పిన శక్తి 110 అశ్వశక్తులు. అబ్బాయి దానిని పూణే తీసుకువెళ్ళి, ఇంజను కంప్యూటరులోని ప్రోగ్రామును మార్పించి, డైనమోమీటరు మీద పరీక్ష చేయించాడు. ఆ కాగితంలో ఎర్ర గీత శిఖరాన 152 అని ఉన్నది.

"వచ్చే నెల మా మేనకోడలి పెళ్ళి, వరంగల్లులో. నలుగురం ఇదే కారులో వెళ్ళాలనుకున్నాము. వీడేమో ఇంజను మునుపటికంటే బాగున్నదంటాడు. మీ వదిన భయపడుతున్నది. మీరొక్కసారి చూచి చెప్పండి" అన్నారాయన. అబ్బాయి ప్రక్కనే నిలబడి, "అంకుల్, గ్రాఫు చూడండి, ఎంత స్మూత్‌గా ఉన్నదో" అన్నాడు.

గీత నిజంగానే నున్నగా ఉన్నది. మాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

ప్లాంటులో గ్యాస్ టర్బైను పరీక్షలు చూచిన వారికి ఈ సంగతి కొత్త కాదు. టర్బైను సామర్థ్యాన్ని 15 డిగ్రీల ఉష్ణోగ్రత, సముద్రమట్టపు వాయుపీడనం, 60 శాతం తేమ అనే ప్రామాణిక పరిస్థితులకు సరిదిద్ది చెప్పుకుంటాము. మే నెలలో మన టర్బైను ఇచ్చే మెగావాట్లు వేరు, కాగితం మీది మెగావాట్లు వేరు. ఏది అబద్ధమని ఎవరూ పోట్లాడరు, ఎందుకంటే సరిదిద్దిన లెక్క ఏదో, కొలిచిన లెక్క ఏదో రిపోర్టులో విడివిడిగా ఉంటాయి. కార్ల డైనో కాగితంలో ఆ రెండూ తరచుగా కలిసిపోతాయి.

డైనమోమీటరు పాత యంత్రమే. 1821లో ఫ్రాన్సులో ప్రోనీ అనే ఇంజనీరు తిరిగే ఇరుసును కొయ్యదిమ్మెలతో బిగించి, ఆ దిమ్మెలను ఎంత బరువు ఆపగలదో చూచి ఇంజను బలాన్ని కొలిచాడు. నేటి కారు డైనోలో చక్రాలను బరువైన ఉక్కు రోలర్ల మీద నిలబెడతారు. రోలరు జడత్వం ముందే తెలుసు. అది ఎంత వేగంగా వేగం పుంజుకున్నదో చూచి, దాని నుండి శక్తిని లెక్కగడతారు. అంటే యంత్రం సూటిగా కొలిచేది అశ్వశక్తిని కాదు, రోలరు వేగాన్ని, కాలాన్ని. మిగతాదంతా లెక్క.

కాగితం అడుగున చిన్న అక్షరాలలో ఉన్నవాటిని చదవటానికి మేము కళ్ళజోడు మార్చుకోవలసి వచ్చింది. "దిద్దుబాటు గుణకం 1.09" అని ఒకచోట ఉన్నది. పూణే సముద్రమట్టానికి సుమారు 560 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి గాలి పలుచన. ఆ పలుచదనానికి, ఆనాటి వేడిమికి పరిహారంగా, కొలిచిన దానిని 9 శాతం పెంచి చూపారు. టర్బో లేని ఇంజనుకు ఇది న్యాయమే. టర్బో ఇంజను సంగతి వేరు. ఇటువంటి ఇంజన్లలో చాలావాటి కంప్యూటరు ఇన్‌టేక్ మానిఫోల్డులో ఇంత పీడనం ఉండాలని ఒక లక్ష్యం పెట్టుకుంటుంది. బయట గాలి పలుచబడితే టర్బో మరికొంత వేగంగా తిరిగి ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. పూడ్చిన లోటుకు మరల పరిహారం ఇస్తే, సెలవుపెట్టని రోజుకు కూడా సెలవు జీతం ఇచ్చినట్లే. అదే కారును డుమస్ ఒడ్డున, 30 డిగ్రీల తేమగాలిలో పరీక్షిస్తే ఆ గుణకం సుమారు 1.02 మాత్రమే అవుతుంది.

రెండవ అక్షరాల వరుస: "ప్రసార నష్టం 15 శాతం". చక్రాల వద్ద కొలిచిన శక్తి నుండి ఇంజను శక్తిని ఊహించటానికి వేసిన లెక్క ఇది. పెన్ను తీసుకుని భజియాల పొట్లం కాగితం మీదే అబ్బాయి చేత వెనుకకు లెక్క వేయించాము. 152ను 0.85తో గుణిస్తే 129. దానిని 1.09తో భాగిస్తే 118. అంటే ఆ రోజున రోలర్లు నిజంగా చూచినది 118. మార్పు చేయకముందు గీతకు కూడా అదే లెక్క వేస్తే 113 నుండి 96, 96 నుండి 88 వచ్చింది.

"మరి నా 152 ఏమైంది?" అన్నాడు అబ్బాయి, జేబులోని డబ్బులు పోయినట్లు.

ఎక్కడికీ పోలేదు, అసలు అంత రాలేదు. ఇంకొకటి కూడా చూడమన్నాము. మార్పుకు ముందు గేర్లలోను, టైర్లలోను పోయిన శక్తి 113 నుండి 96 తీసివేయగా 17. మార్పు తరువాత 152 నుండి 129 తీసివేయగా 23. అదే గేరుబాక్సు, అవే టైర్లు. ప్రసారమయ్యే బలం పెరిగినప్పుడు నష్టం కొద్దిగా పెరుగుతుంది గాని, ఇంత పెరగదు. చక్రాల వద్ద కొలిచిన 118కి ఒక 18 కలుపుకుంటే 136 వస్తుంది. మా అంచనాలో ఆ ఇంజను నిజమైన శక్తి అటూఇటూగా అక్కడ ఉన్నది. 110 నుండి అంత రావటం తక్కువేమీ కాదు. ట్యూనింగు చేసినవాడు మోసగాడని మేము అనలేదు. కాగితం అబద్ధం చెప్పలేదు, అడిగినదానికి పెద్ద గొంతుతో జవాబు చెప్పిందంతే.

గీత నునుపు గురించి కూడా చెప్పాలి. కొలతలలో సహజంగా వచ్చే వణుకును తీసివేయటానికి సాఫ్ట్‌వేరులో నునుపుచేసే సదుపాయం ఉంటుంది. దానిని గరిష్ఠంగా పెడితే గోదావరి కాలువ నీటిలాగా గీత సాగిపోతుంది. ఇంజను తటపటాయించిన చోట్లు, కంప్యూటరు ఇగ్నిషనును వెనుకకు లాగిన చోట్లు అన్నీ ఆ నునుపు క్రింద కనుమరుగవుతాయి. కనుక గ్రాఫు తెచ్చేవారిని మేము అడిగే మొదటి కోరిక, నునుపు తీసివేసిన గీత ఇమ్మని. రెండవది, ముందు వెనుక పరీక్షలు ఒకే గేరులో, ఒకే ఇంధనంతో, ఒకే ఇన్‌టేక్ ఉష్ణోగ్రతలో జరిగినవా అని. ఈ కాగితంలో మొదటి పరీక్ష మధ్యాహ్నం, ఇన్‌టేక్ గాలి 54 డిగ్రీలు. రెండవది మరునాటి ఉదయం, 39 డిగ్రీలు. చల్లని గాలి చేసిన మేలు కూడా ట్యూనింగు పద్దులోనే జమ అయింది.

ఇంతవరకు జరిగినది కాగితపు లెక్క. పెళ్ళికి వెళ్ళవచ్చునా అనే ప్రశ్నకు డైనో కాగితం జవాబు చెప్పలేదు. డైనో పరీక్ష పది క్షణాల పని. ఎదురుగా పెద్ద ఫ్యాను, ఎ.సి. ఉండదు, డిక్కీలో పెట్టెలుండవు. ప్లాంటులో యంత్రం ఆరోగ్యం తెలుసుకోవాలంటే గ్యారంటీ పరీక్ష రిపోర్టును ఎవరూ చూడరు, షిఫ్టు లాగ్‌బుక్కు చూస్తారు. కారుకూ లాగ్‌బుక్కు ఉన్నది. కంప్యూటరు క్షణక్షణం చూచే విలువలను డ్యాష్‌బోర్డు క్రింది సాకెట్టు ద్వారా ఫోనులోకి తీసుకోవచ్చును. అబ్బాయి తెలివైనవాడు, సూరత్ వచ్చాక మూడుసార్లు లాగు తీశాడు. లాప్‌టాపులో దానిని తెరచి మా ముందు పెట్టాడు.

అక్కడ ఒక విషయం జరిగింది. మేము ఇన్‌టేక్ ఉష్ణోగ్రత గడిని వెదుకుతున్నాము. మా మిత్రుడు తనకు అర్థమయ్యే ఒకే ఒక గడిని చదివారు. వేగం, 134. దాని ప్రక్కన సమయం, రాత్రి 11.42.

"ఇది ఏ రోడ్డు?"

"డుమస్ రోడ్డు, నాన్నా."

కొంతసేపు సముద్రం చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఆయన కోపిష్ఠి కాదు. కోప్పడి ఉంటే అబ్బాయికి తేలికగా ఉండేది. "ఆ రాత్రి నువ్వు లైబ్రరీలో ఉన్నానని మీ అమ్మతో చెప్పావు" అని మాత్రం అన్నారు. ఆ విషయంలో మేము మాట కలుపుకోలేదు. ఒక్కటి మాత్రం చెప్పాము. ప్రజలు నడిచే రోడ్డు పరీక్షశాల కాదు. పూర్తి యాక్సిలరేటరు లాగు కావలసి వస్తే ఆ రోలర్ల మీదే తీయించుకోవాలి.

ఇక లాగు. గడులు 14 పెట్టాడు. ఎన్ని గడులు అడిగితే ఒక్కొక్క గడికి జవాబు అంత ఆలస్యంగా వస్తుంది. ఇక్కడ ఒక్కొక్క విలువ క్షణానికి రెండుసార్లే మారింది. మూడవ గేరులో పరుగు ఆరు క్షణాలు. అంటే పన్నెండు చుక్కలు. రెండు చుక్కల మధ్య ఏమి జరిగినదో తెలియదు. ఇటువంటి పనికి అయిదారు గడులు చాలును: ఇంజను వేగం, మానిఫోల్డు పీడనం కోరినదీ వచ్చినదీ, ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, ల్యాంబ్డా, ఒక్కొక్క సిలిండరుకు ఇగ్నిషను ఎంత వెనుకకు లాగబడింది.

ల్యాంబ్డా 0.86 ఉన్నది. పూర్తి భారం మీద ఇది సవ్యమే. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. చాలామంది కుర్రవాళ్ళు గాలి-పెట్రోలు నిష్పత్తిని 14.7, 12.5 అనే అంకెలలో మాట్లాడుకుంటారు. అవి శుద్ధ పెట్రోలు లెక్కలు. మన దేశంలో 2025 నాటికి పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతానికి చేరింది. ఆ మిశ్రమానికి సరియైన నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. ల్యాంబ్డాలో చూచుకుంటే ఈ గందరగోళం ఉండదు, ఏ ఇంధనానికైనా ఒకటి అంటే సమతూకమే.

ఇంజను పీల్చుకున్న గాలి గరిష్ఠంగా క్షణానికి 112 గ్రాములు. పెట్రోలు ఇంజనుకు గ్రాముకు ఒకటింబావు అశ్వశక్తి చొప్పున మోటు లెక్క ఒకటి ఉన్నది. ఆ ప్రకారం 140. మనం పొట్లం కాగితం మీద వేసిన 136కు ఇది దగ్గరే. అబ్బాయి ముఖం కొంచెం తేటపడింది.

తరువాతి గడి దగ్గర మా ముఖమే వాడింది. టర్బో ఇంజనులో సిలిండరులోని పీడనం, వేడి హద్దుమీరితే, ప్లగ్గు వెలిగించిన మంట చేరకముందే చివరనున్న మిశ్రమం తనంతట తాను పేలుతుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీనినే. ఇంజను దిమ్మకు బిగించిన సెన్సారు మైకులాగా ఆ శబ్దాన్ని విని, కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు ఆ సిలిండరుకు నిప్పురవ్వను కొన్ని డిగ్రీలు ఆలస్యం చేస్తుంది. అక్కడక్కడ ఒకటి, రెండు డిగ్రీలు కనబడితే కంగారు లేదు, మైకు పనిచేస్తున్నదని అర్థం. ఈ లాగులో మొదటి రెండు సిలిండర్లకు 1.5, 2.25. మూడవ సిలిండరుకు మొదటి పరుగులో 3, రెండవదానిలో 4.5, మూడవదానిలో 6.

"ఏదైనా బ్రాకెట్టు వదులై మోగిందేమో అంకుల్? మైకు తప్పుగా విన్నదేమో?" అన్నాడు అబ్బాయి. మంచి ప్రశ్న. అలా జరగటం కద్దు. అయితే వదులైన బ్రాకెట్టు ఇంజను ఒకానొక వేగం వద్ద మోగుతుంది, గాలి వేడితో దానికి పనిలేదు. ఇన్‌టేక్ ఉష్ణోగ్రత గడిని దీని ప్రక్కన పెట్టి చూడమన్నాము. మూడు పరుగులలో వరుసగా 41, 52, 63 డిగ్రీలు. గాలి వేడెక్కిన కొద్దీ నాకింగ్ పెరిగింది. ఇది బ్రాకెట్టు కాదు. అది అర్ధరాత్రి వేళ, ఒక్కడే ఉన్నప్పుడు. మే నెల మధ్యాహ్నం నలుగురితో సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మరి పూణేలో ఇది ఎందుకు కనబడలేదు? మరల కళ్ళజోడు మార్చుకుని డైనో కాగితం అడుగున చూచాము. "ఇంధనం: 100". అబ్బాయి ఒప్పుకున్నాడు. పరీక్ష రోజున నూరు ఆక్టేను పెట్రోలు పోయించమన్నారట, పోయించాడు. సూరత్ వచ్చాక మామూలు పెట్రోలే పోయిస్తున్నాడు. నూరు ఆక్టేను మన దేశంలో 2020 నుండి దొరుకుతున్నది గాని, ప్రతి ఊళ్ళోను ఉండదు, ధర కూడా చాలా ఎక్కువ. మామూలు ఇరవై శాతం ఇథనాలు పెట్రోలు ఆక్టేను 95. ఆ అయిదు అంకెల తేడాను కంప్యూటరు ప్రతి పరుగులోను నిప్పురవ్వను వెనుకకు లాగి సర్దుకుంటున్నది. 152 సరే, ఆ 140 కూడా సూరత్ పెట్రోలు మీద లేనట్లే. గాలి లోపలికి వెళ్ళింది, దానిని పూర్తిగా పనిలో పెట్టుకోలేకపోయింది.

మమ్మల్ని అంతకంటే కలవరపెట్టినది మరొక వరుస. 2300 చుట్ల వద్ద కోరిన పీడనం 2.30 బార్లు, వచ్చినది 2.52. వేస్ట్‌గేటు తెరుచుకోవటం ఒక క్షణకాలం ఆలస్యమైంది. తక్కువ చుట్లలో ఎక్కువ పీడనం ఈ చిన్న డైరెక్టు ఇంజెక్షను టర్బో ఇంజన్లకు గిట్టదు. ప్లగ్గు వెలగకముందే మిశ్రమం అంటుకునే ఒక జబ్బు వీటికి ఉన్నది. నాకింగ్‌ను కంప్యూటరు సర్దుకోగలదు గాని, దీనిని సర్దుకోలేదు, ఎందుకంటే నిప్పురవ్వ రాకముందే జరగవలసినది జరిగిపోతుంది. ఒక్కసారి గట్టిగా వస్తే పిస్టను రింగుల గట్టు విరిగిపోవచ్చు. ఇంజను ఆయిలుకు కూడా ఇందులో పాత్ర ఉన్నదని తేలి, 2018లో ఒకటి, 2020లో ఒకటి కొత్త ఆయిలు ప్రమాణాలు వచ్చాయి. ఈ జబ్బు డుమస్ రోడ్డు మీద రాదు. ఎత్తు ఎక్కుతూ, పై గేరులో, తక్కువ చుట్లతో, నిండు బరువుతో ఉన్నప్పుడు వస్తుంది. హజీరాలో మొదలయ్యే 53వ నంబరు జాతీయ రహదారి మీద నవాపూర్ దాటాక కొండాయిబారీ ఘాటు ఉన్నది. పెళ్ళికి వెళ్ళే దారి అదే.

మా మిత్రునితో ఈ మాటే చెప్పాము. ఆయన ఇంజనీరు, మరి చెప్పనక్కరలేదు. అబ్బాయి మాత్రం అంత తొందరగా లొంగలేదు. "అంకుల్, ఇది ఊహ కదా. ఇంజను బాగానే తిరుగుతున్నది" అన్నాడు. మాకు సంతోషమే కలిగింది. ఊహను నమ్మమని మేము అనలేదు. మరునాడు ప్లగ్గులు విప్పించి చూడమన్నాము.

సోమవారం సాయంత్రం మూడు ప్లగ్గులను పాత వార్తాపత్రికలో చుట్టి ఇంటికి తెచ్చాడు. మొదటి రెండూ లేత గోధుమరంగులో చక్కగా ఉన్నాయి. మూడవదాని తెల్ల పింగాణీ మీద మిరియాలపొడి చల్లినట్లు నల్లని చుక్కలు, భూతద్దంలో చూస్తే వాటి మధ్య రెండు మూడు మెరిసే రేణువులు ఉన్నాయి. ఆ మెరుపు పిస్టను అల్యూమినియం కావచ్చునని చెప్పాము. అబ్బాయి ఆ ప్లగ్గును చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. కంప్రెషను పరీక్ష చేయించితే మూడు సిలిండర్లూ హద్దులలోనే ఉన్నాయి. అదృష్టమనే చెప్పాలి.

బండిని కంపెనీ ప్రోగ్రాముకు మార్చారు, కొత్త ప్లగ్గులు, కొత్త ప్రమాణపు ఆయిలు వేయించారు. ఈ సందర్భంలో పాఠకులు మరచిపోరాని సంగతి ఒకటి. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలతో సరిపడని విధంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. వారంటీ పత్రం, ఇన్సూరెన్సు పాలసీ కూడా ఒకసారి చదువుకోవటం మంచిది. మేము ట్యూనింగుకు శత్రువులము కాము. ఈ ఇంజనుకు మన పంపులలో దొరికే పెట్రోలు మీద, పీడనం కొంత తగ్గించి, తక్కువ చుట్లలో టార్కును అదుపులో పెట్టి, అనుమతితో ఒక ప్రోగ్రాము వ్రాస్తే 125 వరకు నిశ్చింతగా రావచ్చునని మా అభిప్రాయం. ఆ కాగితంలో గీత అంత అందంగా ఉండదు, అంతే.

మే చివరి వారంలో మా ఫోనుకు ఒక ఫైలు వచ్చింది. సూరత్ నుండి వరంగల్లు వరకు లాగు, గడులు ఆరు మాత్రమే. కొండాయిబారీ ఘాటులో ఇన్‌టేక్ గాలి 58 డిగ్రీలు, మూడవ సిలిండరు వద్ద 0.75 డిగ్రీ, అదీ రెండుసార్లే. ఆరవ గడి వేగం. గరిష్ఠం 96. దాని క్రింద అబ్బాయి ఒక వాక్యం వ్రాశాడు: "అంకుల్, ఈ గడి నాన్న పెట్టించారు. ఘాటులో అమ్మ నిద్రపోయింది."